గాలంతా పోనీ

ఫర్నేస్ ఎప్పుడు ఆగిందో నేను వినలేదు.
నిశ్శబ్దమే లేపింది.
చీకట్లో ముక్కు కొస తడుముకుంటే
అది నాది కానట్టుంది.

టాంకు మీది ముల్లు
వారం నుంచీ సున్నా దగ్గర తచ్చాడుతోంది.
నేనే చూడనట్టు తిరిగాను.
వంద గాలన్లకి తక్కువైతే నూనె లారీ రాదు,
వంద గాలన్లకి నా దగ్గర డబ్బు లేదు.
మధ్యలో ఉన్నది జనవరి.

తెల్లారి బంకులో
పసుపు డబ్బాలో ఐదు గాలన్ల డీజిలు పట్టించి
మంచులో చేతులు మార్చుకుంటూ మోసుకొచ్చి పోశాను.
రీసెట్ మీట నొక్కాను.
గురగుర. అంతే.
ఇంకోసారి నొక్కబోతుంటే
ఒనెసిమ్ సిర్ గుర్తొచ్చాడు.

మడవాస్కాలో సగం ఇళ్ళ బర్నర్లు
నలభై ఏళ్ళు విప్పి బిగించిన మనిషి.
నా మాజీ మొగుడి తండ్రి.
విడాకులయ్యాక చర్చి మెట్ల మీద ఎదురుపడితే
ఇద్దరం టోపీలు సర్దుకోవడమే, మాటల్లేవు.

ఫోన్ చేస్తే ఏమీ అడగలేదు.
కోటు మీద కోటు తొడుక్కుని వచ్చాడు.
తుంటి విరిగాక సెల్లార్ మెట్లు దిగలేడు.
వంటింట్లో, వేడిగాలి వచ్చే నేల జాలీ పక్కకి
కుర్చీ లాక్కుని
"నువ్వు దిగు, నేను వింటాను" అన్నాడు.

కింద నేనూ టార్చిలైటూ.
నెత్తి మీద గొంతు:
"పంపు పక్కన బొటనవేలి గోరంత నట్టు.
దానికి గొట్టం తొడిగి రెండో కొస సీసాలో పెట్టు.
మీట నొక్కు. మోటారు తిరగ్గానే
నట్టు పావు చుట్టు వదులు చెయ్."

గొట్టంలో మొదట ఏమీ లేదు.
తర్వాత ఎర్రటి నురగ,
పాత నూనె మిగులు,
పొలమారిన పిల్లాడి నోట్లోంచి వచ్చినట్టు
తుప్పర్లు తుప్పర్లుగా.
"వచ్చింది, బిగించెయ్యనా?"
"వద్దు. ఇంకా ఎక్కిళ్ళు పెడుతోంది. గాలంతా పోనీ."

మోటారు అలిగి ఆగింది. మళ్ళీ నొక్కాను.
"నట్టు తెరిచి ఎన్నిసార్లు నొక్కినా పర్లేదు.
మూసిపెట్టి నొక్కుతూ పోతేనే ముప్పు.
లోపల నూనె చేరుతుంది, చడీచప్పుడుండదు.
ఎప్పుడో అంటుకుంటే అంతా ఒక్కసారే."
కాస్సేపాగి,
"మా లుడ్జర్ కూడా..." అన్నాడు.

పైన కుర్చీ కిర్రుమంది.
నేను రెంచి పట్టుకుని
గొట్టాన్నే చూస్తున్నాను.

నురగ పల్చబడింది.
ఎరుపు పోయి నా డీజిలు వచ్చింది,
పాలు పొయ్యని టీ రంగులో.
నాకింకా బుడగలు కనిపిస్తూనే ఉన్నాయి,
పైనుంచి "ఇప్పుడు" అన్నాడు.
బిగించాను.

ధభ్.
చిన్న కిటికీలో నారింజ రంగు
ఒకసారి వణికి, నిలబడింది.

పైకొచ్చేసరికి
చేతితొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుని
జాలీ మీద రెండరచేతులూ చాపి ఉన్నాడు.
ఎంతివ్వమంటావని అడిగితే
వినపడనట్టు ఊరుకున్నాడు,
అంత చెవి ఉన్నవాడు.

గుమ్మం దగ్గర మాత్రం
"ఐదు గాలన్లు రేపటి దాకా కూడా రావు.
ఆ సీసా కడగొద్దు" అన్నాడు.