ఆరో మనిషి

మతోజీన్యుష్ రేవు వెనక వీధిలో,
ఒకప్పుడు వలలు దాచిన గోదాములో మా పరీక్షగది.
పరీక్ష మీకు కాదు, యంత్రానికి —
వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట ఈ మాటే చెబుతాను.
ఇంతవరకూ ఒక్కరూ నమ్మలేదు.

ఇవాళ ఆరో మనిషి దొమితీలియా.
అరవై తొమ్మిదేళ్ళు. మోకాలి నొప్పి.
ముప్పై ఒక్క ఏళ్ళు సార్డీన్ చేపల్ని డబ్బాల్లో పేర్చిన చేతులు
ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది,
బడిలో మొదటిరోజు పిల్లలా.

ఎదురుగా ఆరోగ్యకేంద్రంలో నిలబెట్టబోయే తెర.
"డాక్టరు కోసం వచ్చారనుకోండి. చీటీ తీసుకోండి."
అంతవరకే నా మాట.
ఆ తర్వాత నా వృత్తంతా నోరు మూసుకోవడంలోనే ఉంది.

తాకింది.
తెర పలకలేదు.
మళ్ళీ తాకింది, ఈసారి మెల్లగా,
జ్వరంతో పడుకున్న బిడ్డ నుదుటిని తాకినట్టు.
పలకలేదు.
పదకొండు సెకన్లు.
చెప్పకూడని సాయం
నా నాలుక కింద కరగని బిళ్ళలా ఉంది.

ఉప్పునీరు, నూనె, రేకుల అంచులు
ఆమె వేళ్ళని ఎప్పుడో అరగదీసేశాయి.
ఆమె తల్లికి సంతకం రాదు, వేలిముద్ర వేసేదట.
ఈమెకి సంతకం వచ్చు. ముద్రే మిగల్లేదు.
వేలవేల డబ్బాల మీదుగా నడిచొచ్చిన వేలు —
బెరడు కట్టిన ఆ చర్మాన్ని
మనిషిదని గుర్తుపట్టదు మా గాజు.

నోట్లు లెక్కపెట్టబోయేదానిలా
వేలు నాలుకకి అద్దుకుని నొక్కింది.
తెర ఉలిక్కిపడి ఒక్కసారే రెండు పేజీలు దాటింది.
"మీ లబ్ధిదారు సంఖ్య నమోదు చేయండి" అంది.
ఆమె నావైపు తిరిగి
"క్షమించు నాయనా, నాదే తప్పు" అంది.

అద్దం అవతల ఎవరిస్తో కలం ఆగింది.
అటునుంచి ఇటు కనిపిస్తుంది, ఇటునుంచి అటు కనిపించదు.
అయినా పదిహేనేళ్ళు పక్కన పనిచేసినవాడి మౌనం
ఏ గోడకీ ఆగదు.

చేతిలో కాగితం చూసుకున్నాను.
మూడో నిలువు గడి నెత్తిన
నేనే అచ్చువేయించిన మాటలు: వాడేవారి తప్పులు.
కింద అయిదుగురి అంకెలు.
నాలుగు, ఏడు, రెండు, తొమ్మిది, మళ్ళీ ఏడు.
ముప్పైకి ఒకటి తక్కువ నేరాలు
ఏ పాపం ఎరగనివాళ్ళ మీద
నా చేతిరాతతో.

"అలవాటైపోతుందిలెండి" అన్నాడు
ఆరోగ్యశాఖ తరఫున వచ్చిన లియొనెల్, విరామంలో కాఫీ కలుపుతూ.
ఎవరికి? తెరకా?

చివర్లో దొమితీలియా అడిగింది, నన్నే:
"గ్రాసిండా ఏమైంది? ఆ కిటికీలో కూర్చునేదే.
పేరడక్కుండానే చీటీ చింపి ఇచ్చేది.
ఇవాళ కూడా ఎడమ మోకాలేనా, అనేది."

నా దగ్గరున్న ప్రశ్నల్లో దీనికి జవాబు లేదు.
కానీ తెలుసు.
మార్చిలో ఆ కిటికీ మూసేస్తారు.
మేం గీసిన పెట్టె ఎత్తూ వెడల్పూ
సరిగ్గా ఆ కిటికీవి.

బస్సు చార్జీలు తీసుకుని, సంతకం చేసి వెళ్ళింది,
గుండ్రటి పెద్ద అక్షరాలతో,
ఏ యంత్రమూ అడ్డుపెట్టకుండా.

రాత్రి మీటల్ని పెద్దవి చేశాం.
పొడి వేళ్ళకీ తడి వేళ్ళకీ పలికేలా గాజుని మచ్చిక చేశాం.
ఆ సంఖ్య అడగడం మానిపించాం.
గడి మీద పాత మాటలు కొట్టేసి
మా తప్పులు అని రాశాను.
ఇదంతా సరిగ్గా చేస్తే ఎవరూ గమనించరు.
మా పనికి దక్కే మెప్పు ఆ గమనించకపోవడమే.

పసుపు చీటీ ఒకటి మిగిలింది గోడమీద.
ఎడమ మోకాలేనా?
"ఇది ఏ గడిలో వేయాలి?" అన్నాడు ఎవరిస్తో.

తెలీదు.
ముందు, యంత్రం పక్కన
ఒక కుర్చీ గీయి.