తెల్ల మచ్చ

పిండి అంటిన వేళ్లతోనే రేడియో ముల్లు తిప్పుతాను.
అందుకే దాని గాజు మీద
తొంభై నాలుగు దగ్గర ఒక తెల్ల మచ్చ.
ఇరవై ఆరేళ్లుగా తుడవలేదు.

వాల్పరైసోలో, కొండ మీద, నా రొట్టెల కొట్టు.
తెల్లవారుజామున మూడింటికి ఇక్కడ మెలకువగా ఉండేవి
నా పొయ్యి, రేవులో క్రేన్లు,
నిబాల్డో గొంతు.
ఆ రాత్రి రేవుకొచ్చిన ఓడల పేర్లు చదివేవాడు.
పేరు, జెండా, కడుపులో ఏం మోసుకొచ్చిందో.
అరటికాయలంటే గొంతు కాస్త తేలికయ్యేది,
సిమెంటంటే బరువెక్కేది.
ఆఖరి ఓడ లంగరేసేసరికి నా పిండి పొంగేది.
గడియారం కొనే అవసరం ఎప్పుడూ రాలేదు.

జనవరిలో సెలవన్నారు.
ఫిబ్రవరిలోనూ సెలవే అన్నారు.
మార్చిలో ఎవరూ ఏమీ అనలేదు.
అతని గంటలో పాట మీద పాట,
మధ్యలో ఊపిరి తీసుకోని ఒక ఆడగొంతు:
"శాంటియాగోలో ఆకాశం నిర్మలంగా ఉంది."
కిటికీ తెరిచాను. మా పొగమంచు
నా చేతిని మోచేతి దాకా మింగింది.
ఆ రోజు మొదటి వాయి మాడిపోయింది.

తర్వాత ముల్లు ఎక్కడ ఆపినా ఇదే వరస.
ఎనభై తొమ్మిదిలో సాక్సఫోన్ పోయి పాస్టర్ వచ్చాడు.
మంచివాడే పాపం, ఓ రాత్రి
ఊళ్లో నొప్పెట్టే మోకాళ్లన్నిటి కోసం ప్రార్థించాడు,
నావి కూడా అందులో ఉన్నట్టే.
ఫుట్‌బాల్ మీద ఇరవయ్యేళ్లు తిట్టుకున్న రెండు స్టేషన్లు
వియ్యమందుకున్నాయి:
ఒకే మేడ, ఒకే బోర్డు,
ఒకే జోకు రెండుసార్లు.

ఎదెల్మీరాకి చూపు లేదు.
ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఊరి గొంతులన్నీ
ఆమె చేతుల మీదుగానే కలిసేవి.
నాలుగు రొట్టెలు సంచిలో వేసుకుంటూ అంది:
"ఓడల పేర్లు చెప్పకపోతే
సముద్రం ఇంకా అక్కడే ఉందని నాకెలా తెలుస్తుంది?"
చిల్లర లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

జూలైలో గాలివాన.
కొండలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.
బ్యాటరీ రేడియోలో శాంటియాగో లేదు.
తెల్ల మచ్చ దగ్గర ఒట్టి గరగర.
ఆ గరగరలోంచి ఒక దగ్గు.

ఆ దగ్గు నాకు తెలుసు.
నిబాల్డో వెనక, అద్దానికి అవతల,
ఇన్నేళ్లూ దగ్గుతూనే ఉన్న మనిషి.
"నేను వెన్సెస్లావ్‌ని. తీగలు చూసేవాణ్ణి.
నాకు మాట్లాడటం రాదు.
జనరేటర్ మాత్రం ఉంది."
ఏ మెట్లదారి కూలిందో చెప్పాడు,
ఏ ఇంట్లో పసిబిడ్డకి దుప్పటి కావాలో చెప్పాడు,
తప్పు చెప్పి, దగ్గి, దిద్దుకున్నాడు.
చెప్పడానికింకేం లేక కాబోలు
కిటికీలోంచి చూశాడు:
"సముద్రం మీద ఐదు దీపాలు.
పేర్లు కనబడటం లేదు."

కర్రతో నా తలుపు తట్టింది ఎదెల్మీరా,
నెత్తి మీంచి నీళ్లు కారుతూ.
"ఐదట," అంది.

పంతొమ్మిది గంటలు మాట్లాడాడు.
కరెంటొచ్చింది. ఆకాశం మళ్లీ నిర్మలమైంది.
సెప్టెంబరులో అతన్నీ పంపేశారట,
ఇప్పుడు తీగల్ని కూడా అక్కణ్ణించే చూస్తారట.

అక్టోబరులో చేపల బజార్లో
"కిలో చాలు, తల తీసెయ్" అన్న గొంతుకి
ముగ్గురం వెనక్కి తిరిగాం.
నిబాల్డో నేలచూపులు చూశాడు.
ఓడల గురించి అడగబోయి
చేప ధర అడిగాను.

గడియారం కొన్నాను. బాగానే నడుస్తోంది.
డిసెంబరు ఎండలో ఎదెల్మీరా వచ్చి అడుగుతుంది:
"రాత్రి ఎన్నొచ్చాయి?"
"మూడు," అంటాను, చూడకుండానే.
"ఒకదాని పేరు దొన్యా క్లోరిందా. పనామా జెండా. నిండా గోధుమలు."
ఆమె రొట్టె వాసన చూసి నవ్వుతుంది.
"గోధుమలు ఎక్కువ కలిపావు.
రేపు అరటికాయలు తెప్పించు."