రేకుల కింద

మన్రోవియాలో జూలై అంటే
ఆకాశం గడియ వేయడం మరిచిపోవడం.
నా బెల్టుకి బూజు పట్టింది.
అగ్గిపుల్ల గీస్తే మెత్తగా వంగి దండం పెడుతుంది.
మూడు రోజులుగా ఆరని చొక్కాని
ఇస్త్రీపెట్టెతో బతిమాలి తొడుక్కుంటే
ఒళ్ళంతా ఆవిరి, ఇడ్లీపాత్ర మూత తీసినట్టు.

నేను ఫ్రీజర్లు బాగుచేసేవాణ్ణి.
ఊరు ఊరే ఫ్రీజరైన కాలంలో
నన్నెవడు పిలుస్తాడు?

అంచేత మధ్యాహ్నాలు గర్మాయ్ అమ్మ వరండాలో
సీసా మూతలతో డ్రాఫ్ట్స్ ఆట.
బోర్లా ఉన్నవి నావి, వెల్లకిలా ఉన్నవి వీడోర్‌వి.
వీడోర్ బట్టలు కుడుతుంది.
ఓడిపోయేటప్పుడు మాత్రం టేపు తీసి గళ్ళు కొలిచి
బల్లే వంకరంటుంది.

వీధి ఏరయితే చెప్పుల పందెం.
తోక్పాది నీలం, నాది తెగినది,
కల్వర్టు దాకా ఎవరిది ముందు పోతే వాళ్ళకో మొక్కజొన్న పొత్తు.
నిన్న ఎవరిదో తెలియని ఎర్ర చెప్పొకటి
ఎక్కణ్ణుంచో వచ్చి మధ్యలో దూరి గెలిచింది.
పొత్తు ఎవరికివ్వాలని అరగంట పంచాయితీ.
చల్లారిపోయాక నలుగురం తిన్నాం.

నాలుగింటికి అసలు వాన దిగుతుంది.
రేకుల మీద చినుకులు కావవి,
బస్తాలకొద్దీ మేకులు గుమ్మరించినట్టు.
తొడ ఆనించి కూర్చున్నవాడి మాట వినపడదు.
అప్పుడు మా ఇంకో ఆట.
ఎవరు కనిపెట్టారో తెలీదు. నియమం ఒక్కటే:
కడుపులో దాచుకున్న మాట
గొంతు చించుకుని అరవాలి.
నోళ్ళు కదలడం చూస్తాం, అంతే.

గర్మాయ్ అమ్మ మెడ నరాలు తేలేలా అరుస్తుంది,
అరిచాక మొహం తోమిన గిన్నెలా తేటపడుతుంది.
వీడోర్ కళ్ళు మూసుకుని చిన్నదేదో అంటుంది.
నేను అటు చూడను.
నా వంతు వస్తే తెలుగులో అరుస్తాను,
తాళం మీద తాళం.

మొన్న బుధవారం సోన్‌పాన్ లేచాడు.
మూడు చక్రాల కేకే నడుపుతాడు, క్రూ జాలర్ల ఇంటివాడు.
మునిగే పడవని పళ్ళతో పట్టి
రెండు మైళ్ళు ఈది లాక్కొచ్చానని
ఎక్కిన ప్రతి మనిషికీ చెబుతాడు,
ఆ సందట్లో చిల్లర ఇవ్వడం మరిచిపోతాడు.
రొమ్ము విరిచి, నోరు తెరిచాడు.
సరిగ్గా అప్పుడే
ఎవరో కుళాయి కట్టేసినట్టు
వాన ఆగింది.

"నాకు ఈత రాదు!"

మాట గోడ దాటింది, వీధి దాటింది,
చర్చి మెట్ల మీద కూర్చున్నవాళ్ళని పలకరించి
తాపీగా వెనక్కొచ్చింది.
చూరు నుంచి ఒక్క చుక్క. టప్.
ఎక్కడో ఒక కప్ప దగ్గింది.
గర్మాయ్ అమ్మ లప్పా చెంగు నోట్లో కుక్కుకుంది గానీ
అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇప్పుడు పెరట్లో మోకాలిలోతు నీళ్ళలో ఈత పాఠాలు.
గురువు తొమ్మిదేళ్ళ తోక్పా,
శిష్యుడి పొట్ట కింద బట్టలుతికే తొట్టి.
ఫీజు, కేకే హారన్ పదిసార్లు.

నా సంగతా?
నేను రోజూ అరిచేది చిన్న నిజం:
"ఆ హోటలు ఫ్రీజర్ నేను బాగుచెయ్యలేదు,
ఒక్క తన్ను తన్నాను, అదే బాగయింది!"
తోక్పావి పాముచెవులు.
అంత హోరులోనూ చివరి ముక్క పట్టేశాడు.

ఇవాళ వాన వెలిసింది.
గోడెక్కి తోక్పా, "అదే బాగయింది!"
మిషను తొక్కుతూ వీడోర్, "అదే బాగయింది!"
తొట్టిలోంచి సోన్‌పాన్, నీళ్ళు ఉమ్మి, అదే.
అటుగా పోతున్న హోటలు యజమాని
గొడుగు మడిచి, నన్ను చూసి చెయ్యెత్తి,
ఒత్తులన్నీ పోగొట్టి అదే మాటన్నాడు.
అర్థమేమిటని అడిగాడు.

మా వైపు వాన వెలిస్తే
అలా అనుకుంటామని చెప్పాను.

రేపు నాలుగింటికి
అరవడానికి ఇంకోటి దొరికింది.