డెబ్బై నాలుగు

దేవరకొండ బస్టాండు వెనక అద్దె గది.
పొద్దున నాలుగింటికి లేస్తా.
నల్లా రెండు దినాలకోసారి వస్తది,
పెడగాజీ మాత్రం రోజూ రావాలె.

ఈయన బోరుబండి మీద పోయి పదకొండు దినాలు.
మా అత్త ఇంటోళ్ల మోటరుతోటి మాట్లాడుతాంది:
"లెవ్వే తల్లీ, ఒక్క బిందె పొయ్యి, నీకు పుణ్యముంటది."
ప్రాణం లేనిదానికి ప్రాణముందనుకునుడు
సర్వాత్మవాదం,
రెండేండ్ల నుంచి ఏడేండ్ల దాక.
మా అత్తకు అరవై ఒకటి.
మోటరు లేచింది.

పోయినసారి డెబ్బై నాలుగు.
బీసీలకు డెబ్బై ఐదు కావాలె.
ఒక్క మార్కు ఎంత బరువుంటదో తూచినోళ్లున్నరా?
ప్రైవేటు బడిల ఇంకో ఏడాది, ఏడు వేల జీతం,
మే నెలకు అదీ లేదు.
"ఈసారి గూడనా" అని ఈయన నోటిదాక వచ్చి
సల్లగ మింగిన మాట.
అన్నం కలుపుతుంటే చూసిన నేను.

ఆ మార్కు యాడ పోయిందో చానామందికి తెల్వదు.
నాకు తెలుసు.

ఆరేండ్ల పిల్లవాని ముందట
వెడల్పు గిన్నెలోని నీళ్లు
పొడుగు గ్లాసులో పోస్తే వాడేమంటడు?
గ్లాసులోనే ఎక్కువున్నయంటడు.
పూర్వ ప్రచాలక దశ,
పదిలపరుచుకొనే భావన ఇంకా రాలేదు.
మూడు రంగుల పెన్నులతోటి గీసుకున్న పాఠం,
నిద్రల లేపి అడిగినా చెప్త.

కానీ పరీక్షకు నెల ముందు
ఒకటో తరగతిల నేను నిజంగనే పోసి చూసిన,
స్టీలు గిన్నెల నుంచి నా బాటిల్లకు.
అక్షిత బాటిల్ల ఎక్కువన్నది.
సుహాన్ గూడ బాటిలే అన్నడు.
పుస్తకం గెలుస్తుంటే నాకు సంబురమైంది.
వెనక బెంచీల నుంచి రమావత్ జగ్రాం వచ్చి
గిన్నె అడుగున మిగిలిన తడిని వేలుతోటి తుడిచి
ఆ వేలు నాకు చూపించిండు.
"అన్నే టీచర్. గిదొక్కటి తక్వ."

తండాకు ట్యాంకరు వచ్చిన దినం
వాళ్ల నాయనమ్మ పోస్తుంటే బిందెలు లెక్కపెట్టేది వాడేనట.
డ్రమ్ముకు తొమ్మిది, గోళానికి నాలుగు,
ఒలికింది వేరే లెక్క.
వాని దశ పేరేందో ఆ రాత్రి
మెటీరియల్ అంతా తిరగేసిన.
కండ్లు మండినయి గని దొర్కలే.

నల్లగొండల ఇంజనీరింగ్ కాలేజి.
గేటు కాడ ముక్కుపుల్ల తీయించిన్రు.
ఏసీ గదిల, ఇరవై ఆరో ప్రశ్న, అదే గిన్నె, అదే గ్లాసు.
మౌసు పట్టుకున్న వేలికి
తడి తగిలినట్టయింది.
"సమానం" అని నొక్కిన.
తెలిసే నొక్కిన.

కీ వచ్చినంక మా హెడ్‌మాస్టరు నవ్వలేదు.
"పుస్తకం అడిగింది నిన్ను టీచరమ్మా,
ఆ పోరన్ని కాదు."

ఎల్లుండి మళ్ల పరీక్ష.
సంధులు అయినయి. క్షేత్రమితి సగం.
కృష్ణకు ఉపనదులు వరుసగ రావు నాకు,
డిండి ఒక్కటి మరువ, మా అవ్వగారింటికి
దాన్ని దాటే పోతం గనుక.
అత్త దీపం ముందట హాల్ టికెట్ పెట్టి
కాగితంతోటి గూడ ఏందో మాట్లాడింది.

ఇరవై ఆరో ప్రశ్న మళ్లొస్తే
గ్లాసులో ఎక్కువనే నొక్కుత.
నాకు మార్కు కావాలె,
దాంట్ల సిగ్గేముంది.
నౌకరొచ్చినంక నా బళ్లె
గిన్నెలు, గ్లాసులు నా ఇష్టం.

ఇయ్యాల బడి ఇడిసినంక జగ్రాం అడిగిండు,
"నల్లగొండల నీళ్లుంటయా టీచర్?"
జవాబు చెప్పే లోపలే నా బాటిల్ గుంజుకొని పోయి
మూతి దాక నింపి, సుక్క ఒలకకుంట
రెండు చేతుల పట్టుకొని తెచ్చిండు.

పరీక్ష గదిలకు బాటిల్ రానియ్యరని
వానికి చెప్పలేదు.