మూడు పాయింట్ ఐదు

డులూత్‌లో ఏప్రిలంటే ఇంకా చలికాలమే.
సరస్సు మీది మంచు పలకలు పలకలుగా విరిగి
గాలికి ఒడ్డును ఒరుసుకుంటుంటే
ఎవరో గాజుల మలారం కుదుపుతున్న చప్పుడు.

ఆఫీసు వాళ్ల మెయిలు వచ్చింది:
దాతకు కృతజ్ఞతా లేఖ. రెండు వందల మాటలు.
శుక్రవారం లోపు. డబ్బు ప్రస్తావన వద్దు.

డబ్బు మాట ఎత్తకుండా
డబ్బుకి దండం పెట్టడం
నాలుగో ఏడు కూడా నాకు చేతకావడం లేదు.
మొదటి ఏడు, మీ దయ నా కలలకు రెక్కలిచ్చింది అని రాశాను.
వాళ్లు పంపిన నమూనాలోని వాక్యమే అది.
రెండో ఏడు రెక్కలు తీసేసి బాట వేశాను.
మూడో ఏడు ఏం రాశానో.

అమ్మ దీన్ని ఉపకార వేతనం అంటుంది.
ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ
ఫోన్లో అందరికీ అదే చెప్తుంది, ఒత్తి ఒత్తి.
ఉపకారమైతే వేతనమెందుకయింది?
వేతనమైతే నేను చేసిన పనేమిటి?

పని ఉంది.
మూడు పాయింట్ ఐదు మీద నిలబడటం.
జారకపోవడం.
ప్రతి డిసెంబరూ ప్రతి మే నెలా
ఆ అంకె వచ్చి గుమ్మంలో కూర్చునేది
చెప్పులు విప్పకుండా.

అబద్ధం చెప్పను, చాలా ఇచ్చింది.
ఐదో అంతస్తులో కిటికీ ఉన్న గది.
నాకంటే ముందు ఎవరూ గీతలు గీయని పుస్తకం.
నీళ్లు దిగని బూట్లు.
రాత్రి రెండింటికి పెట్రోలు బంకు కౌంటరు మీద కాక
లైబ్రరీ బల్ల మీద తల వాల్చే హక్కు.

మంచు గురించి ఒక క్లాసుండేది.
జనవరిలో మమ్మల్ని సరస్సు మీదికి నడిపించుకెళ్లి
గడ్డకట్టిన నీళ్లలో బొరియ తొలిచి
పొడుగాటి మంచు కడ్డీ పైకి లాగి
ఇదిగో డిసెంబరు, ఇదిగో గాలివాన వచ్చిన రాత్రి అని
చేతివేలితో చదివి చూపించింది టీచరు.
నా ప్రాణం ఆ బొరియలోనే జారిపడిపోయింది.
మొదటి పరీక్షలో సి.
మానుకోవడానికి ఆఖరి రోజు, సాయంత్రం నాలుగున్నరకి
మానుకున్నాను.
బదులుగా వ్యాపార ఉత్తరాలు రాసే క్లాసు. ఏ వచ్చింది.
ఏం వచ్చిందో మాత్రం గుర్తులేదు.

నా రూమ్మేటు బ్రియాన ఫిజిక్సు రెండుసార్లు తప్పి
మూడోసారి పాసై కేకు కోసింది.
తప్పడానికి కూడా కాస్త ఆస్తి ఉండాలని
ఆ కేకు తింటున్నప్పుడు తెలిసింది.

పోయిన నెల దాతల భోజనం.
నా పక్క కుర్చీలో ఐలా కోస్కినెన్, ఎనభై ఒక్కేళ్లు,
సొంతంగా అల్లుకున్న ఎర్ర స్వెట్టరు, ఒక మోచేతి దగ్గర పోగు లేచి.
నా పేరు మూడుసార్లు చెప్పించుకుంది. కల్హార.
నీళ్లలో పూసేదా, అయితే మావాడికి నచ్చేదానివి, అంది.
మావాడంటే తమ్ముడు టోయివో,
నా స్కాలర్‌షిప్పు పేరులో ఉండే మనిషి.
ఇక్కడే చదివాడట, ఏడాదిన్నర.
మార్కులు రాక పంపించేస్తే
ఇనప ఖనిజం మోసే ఓడల్లో ముప్పై ఏళ్లు వంట చేశాడట.
వాడు దాచిన డబ్బే ఇది.
వాడికైతే ఇది వచ్చేది కాదు, అని నవ్వి
కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

మరి మూడు పాయింట్ ఐదు పెట్టిందెవరండీ?
అదేమిటి, అంది.
కాగితం ఆఫీసు వాళ్లు నింపారు. నేను సంతకం పెట్టాను.

నాలుగేళ్లు నేను భయపడిన మనిషి
ఆ బల్ల దగ్గర లేనే లేడు.
ఏ బల్ల దగ్గరా ఉన్నట్టు లేడు.

ఇప్పుడు రాత్రి పదకొండు.
ఈ ఏటి మొదటి ఓడ రేవులోకి వస్తూ కూత పెట్టింది.
దానికోసం వంతెన మొత్తం పైకి లేస్తోంది, మెల్లగా,
రోడ్డు మీది కార్లన్నీ ఆగి చూస్తుండగా.
రెక్కలు చెరిపేశాను. బాట చెరిపేశాను.

ఐలా గారూ,
టోయివో ఓడలో ఏం వండేవాడు?

తెర కింద లెక్క చూపిస్తోంది:
ఇంకా నూట తొంభై నాలుగు.