ఏ నీటి చేప

కంచరపాలెంలో మేడమీద పద్నాలుగు తొట్లు నావి.
రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్లు
క్లోరిన్ విరగడానికి నీలం డ్రమ్ముల్లో ఒక రాత్రి నిద్రపోతాయి.
కరెంటు పోతే నేను నిద్రపోను.

ఆదివారం మా అమ్మ మెట్లెక్కి వచ్చింది.
నలభై ఏళ్లు ఫిషింగ్ హార్బరులో తట్ట మోసిన మెడ,
మొప్ప ఎత్తి చూసి, వల ఎప్పుడు లేపారో చెప్పే వేలు.
వంజరం, చందువ, కానాగంత, పార, సావడాయి...
పేరు పలక్కుండా ఏ చేప మీదా కత్తి పెట్టలేదు.
ఆరో తొట్టి దగ్గర ఆగిపోయింది.
కమలాపండులాంటి ఒళ్లు, మూతపడని నోరు.
"ఇది ఏ నీటి సేపరా?"

బ్లడ్ ప్యారట్, అన్నాను.
"పేరు కాదెహె. ఏ నీటిది?"

ఏ ఏటికీ దీని మొహం తెలీదమ్మా.
ఎక్కడో ఎవరో రెండు జాతుల్ని ఒకే గాజులోకి వదిలి
నడుమ పలక తీసేశారు.
పుట్టిన నోరు మూసుకోదు.
నవ్వుతున్నట్టుంటుందని పిల్లలు కొనిపిస్తారు.

అంతటితో ఆగానా నేను?
దీనికో ఫ్లవర్‌హార్న్ మగదాన్ని జతకట్టాను.
పిల్లలు మూడువందల పన్నెండు. డబ్బు కాబట్టి లెక్కపెట్టాను.
నుదురు బుడిపె కట్టినవి పదకొండు.
సీతమ్మధారలో ఒకాయన ఈశాన్యం మూలకి,
ఒంటిమీద మచ్చలు అంకెల్లా ఉన్నదాన్ని
బేరమాడకుండా పట్టుకెళ్లాడు.
మిగిలినవి
వెన్ను కొక్కెంలా తిరిగినవి, తోక మొలవనివి,
తిండి నడుమే ఈదుతూ ఆకలికి ఎండినవి.
ముడసర్లోవలో వదిలెయ్, పుణ్యం, అన్నాడొకడు.
అక్కడి పరకపిల్లలేం పాపం చేశాయని?
బకెట్టు. లవంగ నూనె, కొన్ని చుక్కలు.
ఆ రాత్రి మేడంతా పంటినొప్పి మందు వాసన.

ఇదంతా అమ్మకి చెప్పలేదు.
ఏళ్లుగా దాచుకున్న మాట ఒకటి తీశాను, గెలుద్దామని.
"మరి నాదే నీరమ్మా?
జాలారిపేట నువ్వు, గంజాం నుంచొచ్చిన బెహరా మా నాన్న.
బడిలో నన్ను కలగూరగంప అనీవోరు కాదా?"

అమ్మ ఆ బకెట్టే బోర్లించి కూర్చుంది.
"మీ నాన్న పోర్టులో ఇనప దుమ్ము దులుపుకోని
రోజూ నా తట్ట కాడికే వొచ్చీవోడు.
ఒక్కడికి రెండు కేజీలు కొనీవోడు, ఎర్రిమొగుడు.
ఓ నాడు నానే డబ్బులొద్దన్నాను.
మమ్మల్నెవుడూ గాజులో ఏసి పలక తియ్యలేదురా.
నువ్వు పుట్టినప్పుడు నీ నుదురెవుడూ కొలవలేదు."

కింద రైలు పోయింది. తొట్లన్నీ సన్నగా వణికాయి.

ఆరో తొట్టిలో అది మళ్లీ గుడ్లు పెట్టింది, కుండపెంకు మీద.
పక్కనున్న మగది దాని జాతే, గొడ్డుది.
ఎల్లుండి పొద్దుటికి గుడ్లన్నీ తెల్లబడతాయి, బూజు పడతాయి.
నాకు తెలుసు.
దానికి తెలీదనడానికి నేనెవణ్ణి?
రెక్కతో విసురుతూనే ఉంది,
ఉక్కపోతలో పసిబిడ్డకి విసనకర్రలా,
చెయ్యి మార్చుకోవడానికి ఇంకో మనిషి లేనట్టు.

ఫోను మూడోసారి మోగింది. సీతమ్మధార.
బావమరిది ఇంటికి కూడా ఒకటి కావాలిట,
ఈసారి బుడిపె ఇంకా పెద్దది.
ఎత్తలేదు. ఎప్పటికీ ఎత్తనని కూడా చెప్పలేను,
అద్దె ఐదో తారీకున.

"దీనికి తిండెలాగరా?" అంది అమ్మ.
గుళికలు చేతిలో పోశాను.
పండుగప్ప పొలుసు లేపే గోటితో
ఒక్కోదాన్నీ నూకంత చేసి నీళ్లలో వేసింది.
అది పరుగెత్తుకొచ్చి అందుకుంది.
మూయలేని నోట్లోంచి సగం బయటికి రాలింది.

అమ్మ ఇంకాస్త సన్నగా నలిపింది.