ఉంగరం వేలు

పెనుమూరు సొసైటీ ముందర
తెల్లారకముందే లైను కట్టినాయి చెప్పులు.
మనుషులంతా టీ బంకు రేకుల కింద.
నా చెప్పు నిన్ననే తెగింది, రాయి పెట్టినాను.
పదిహేడో జాగాలో రాయి,
ఆ రాయి నేనే.

కాయితాలు చెంగున ముడేసుకోనుండాను.
ఆధారు జిరాక్సు ఒకటి, కౌలు కారడు ఒకటి.
పంట నమోదు నాడు మా ఇంద్రాణి
గెనిం మీద నిలబడి
చెరుకులో నన్ను నిలబెట్టి సెల్లులో ఫోటో తీసినాది.
"నవ్వొద్దు పెద్దమ్మా, ఇది గవర్నమెంటు ఫోటో" అన్నాది.
నవ్వలా. చెరుకు నవ్విందేమో తెలీదు.

కారడు ఊరికే రాలా.
చెంగల్రాయ మొదలారి వాకిట్లో మూడు దినాలు కూచున్నాను.
"సంతకం పెడితే భూమి నీదైపోతాదంటనే?"
"పదకొండు నెల్లే సామీ దాని ఆయుసు.
భూమిని ఎత్తుకోని పోయేదానికి నా నడుము చూసినావా?"
మూడో దినం లోపల్నుంచి ఆయమ్మే
పెన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టినాది.
ఏమీ మాట్లాడలా.
మర్నాడు ఒక దిమ్మె బెల్లం ఇచ్చొచ్చినాను, ఆయమ్మకి.

మిషను అరచేతంత ఉంది.
వేలు పెడితే అది ఢిల్లీని అడిగొస్తాదంట,
మూటలిచ్చే మా ఢిల్లీబాబుని కాదు,
ఆ ఢిల్లీని.
బొటనేలు పెట్టినాను. కుయ్యిమన్నాది.
చెంగుతో తుడిచి పెట్టినాను. కుయ్యి.
కొబ్బరినూనె రాయమన్నారొకరు, బూడిదన్నారొకరు,
వెనకాల ఎవురో "పొద్దెక్కతా ఉండాదమ్మా" అన్నారు.

వేలు ఎత్తి చూసుకున్నాను.
ముప్పై ఏండ్లు సోగ ఒలిచిన వేలు.
సోగ గీసిన గీతలుండాయి,
పుట్టినప్పటి గీతలు యాడ పోయినాయో.
చూపుడేలు పాకం చూస్తా కాలింది.
నడిమేలు కొన కొడవలి తినింది.
మిషనుని తిట్టి ఏం లాభం?
సర్కారు దగ్గరుండే వేలు పడుచుది.

"ఎడం చెయ్యి పెట్టుమ్మే, ఉంగరం వేలు."
దానికి ఎన్నడూ ఉంగరం పెట్టింది లేదు,
పనీ పెట్టింది లేదు.
పక్కోళ్ళని ఆనుకోని బతికేసిన వేలు.
పెట్టీ పెట్టకముందే
పచ్చ లైటు.
నవ్వొచ్చింది, కడుపూ మండింది.
అంత చాకిరీ చేసిన బొటనేలు నేనెవరో ఎరగనన్నాది,
ఈ సోమరిది వచ్చి
చెంగమ్మ అని సాక్ష్యం చెప్పినాది.

బిల్లు నాలిక మాదిరి బయటికొచ్చింది.
మూట మీద అచ్చేసిన ధర
రెండు నూర్ల అరవై ఆరున్నర.
తక్కింది సర్కారు కడతాదంట,
ఎంతని అడిగితే బిల్లులో చూపించినాడు,
రైలు నంబరంత ఉంది.
రెండు మూటలకి అయిదు నూర్ల ముప్పై మూడు.
జంటగా కొంటేనే ఆ అర రూపాయి మనది,
ఒంటి మూటకి చిల్లర ఎన్నడూ రాదు.

"ఈ సీసా కూడా తీసుకో, ఆకులకి కొట్టేది."
"తీసుకోవాల్సిందేనా నాయనా?"
గొంతు తగ్గించినాడు: "ఇష్టముంటేనే."
"ఆ మాట గట్టిగా చెప్పప్పా,
వెనకాలోళ్ళకి వినపడలా."
చెప్పినాడు. మంచోడే.

మాపటికి కయ్యలో ఉండాను.
పిడికిట్లో తెల్ల గింజలు,
చెరుకు మొదుట్లోకి ఒక్కో తడవ ఒక్కో రవ్వ.
తోసేది బొటనేలే.
ఎవురూ దాన్ని నువ్వెవరని అడగలా.

రాయిని ఆడనే వదిలేసొచ్చినాను,
ఇంకెవురి చెప్పన్నా తెగుంటాది.
నేను మూటలెత్తుకోని తిరిగి చూసేసరికి
నా వెనకాల ఇరవై మూడు జతలు.
లోపల ఎన్ని మూటలు మిగిలినాయో
నేను అడగలా.